ఇసుక దారిలో వదినగారి వంతు

మా వియ్యపురాలు పోయారన్న కబురు బుధవారం పొద్దున వచ్చింది. పెనం మీద అట్టు ఉంది. ఫోను కోడలు తీసింది. "ఎప్పుడు?" అని ఒక్క మాట అడిగి, రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నేను పొయ్యి ఆపేశాను. అనంతపురంలో, సొంత ఇంట్లో, నిద్రలోనే పోయారట. ఆవిడ మరుసటి వారమే ఇక్కడికి, సింగపూర్‌కు, రావలసి ఉంది. టికెట్టు కొన్నారు. మనవరాలి కోసం కొర్రబియ్యం, వేరుశనగపప్పులు సర్దిన పెట్టె మంచం పక్కనే ఉందట.

ఆవిడ నా కోడలి తల్లి. ఒకరికొకరం వదినగార్లం. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు లేని గుణాలు చేర్చడం నాకు చేతకాదు. ఆవిడ వంటలో కారం ఎక్కువ. చెప్పిన వేళకు ఎన్నడూ తయారు కాలేదు. టీవీ పెట్టారంటే కింది అంతస్తు దాకా వినబడేది. ఇవి చెప్పాకే మిగతావి చెబుతాను, అప్పుడే అవీ నమ్మదగ్గవిగా ఉంటాయి.

కంప్యూటరు చదువు చదివినవాళ్ళందరూ విమానాలెక్కుతున్న రోజులివి. మా అబ్బాయీ కోడలూ ఇద్దరూ తంజోంగ్ పగార్‌లో ఆఫీసులకు పోతారు. ఇల్లు జురాంగ్ వెస్ట్‌లో. పొద్దున రైలెక్కితే మళ్ళీ రాత్రికే. పాప పుట్టినప్పటినుంచీ దాన్ని చూసుకోవడానికి మేమిద్దరం వంతులు వేసుకున్నాం. చూసిపోవడానికి ఇచ్చే వీసా కనుక ఎవరమూ ఎక్కువకాలం ఉండడానికి లేదు. ఆవిడ దిగితే నేను ఎక్కాలి, నేను దిగితే ఆవిడ ఎక్కాలి. కూతురింట్లో తల్లి నెలలకు నెలలు ఉండడమేమిటని మా వైపు వాళ్ళు సణిగారు. "అయితే మీరొచ్చి చూసుకోండి" అన్నాను. ఎవరూ రాలేదు.

ఒకరు వచ్చాక, రెండోవారు వెళ్ళేలోపు నాలుగైదు రోజులు ఇద్దరం కలిసి ఉండేవాళ్ళం. దాన్ని మా అబ్బాయి హ్యాండోవర్ అనేవాడు, కోడలు అప్పగింతలు అనేది. పాపకు ఏ కూర సయిస్తుంది, ఏ టీచరు గట్టిది, పప్పుల డబ్బా ఎక్కడికి మారింది, అన్నీ ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. నేను చెప్పేటప్పుడు ఆవిడ ఆవలించేవారు. ఆవిడ చెప్పేటప్పుడు నాకు సగం అర్థమయ్యేది కాదు, ఆ సీమ యాస అలాంటిది.

అలాంటి ఒక అప్పగింతల్లోనే ఆవిడ నన్ను మొదటిసారి ఇసుకకు తీసుకెళ్ళారు.

సింగపూర్‌లో ఎడారి ఉందంటే నవ్వుతారు. ఉంది. సముద్రాన్ని ఇసుకతో పూడ్చి, ఆ నేల గట్టిపడేదాకా ఏళ్ళ తరబడి వదిలేస్తారు. మా ఇంటి దగ్గర బస్సెక్కి ఆఖరు స్టాపులో దిగితే అలాంటి నేలే ఒకటి. కంటికి ఆనినంత మేర తెల్లటి ఇసుక. అక్కడక్కడ లాలాంగ్ అని ఇక్కడివాళ్ళు పిలిచే రెల్లులాంటి గడ్డి, దానంతటదే మొలిచిన సరుగుడు మొక్కలు, వాటి మధ్యగా సముద్రం దాకా ఒక కాలిబాట. మొదట్లో గేటు. గేటు పక్కన బోర్డు: నడవవచ్చు, మోటారు బళ్ళు కూడదు.

వదినగారు గేటు దాటగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నారు.

"ఇంత ఎండలో ఏమిటండీ ఇది?" అన్నాను.

"మా సీమ మాదిరి ఉండాది కదా వదినా! ఆ ఊరు చూస్తే అంతా పచ్చన, అంతా నున్నన. లిఫ్టులో ఎక్కు, లిఫ్టులో దిగు. నాకు ఊపిరాడేది ఈడ ఒక్కచోటే. మీరూ విప్పండి."

నేను విప్పలేదు. మా అబ్బాయి కొనిచ్చిన గుడ్డ బూట్లు వేసుకుని, గొడుగు పట్టుకుని ఆవిడ వెనకే నడిచాను. గవ్వముక్కలు కరకరలాడాయి. పాప అప్పటికి చిన్నది. మెత్తటి నేల మీద పడ్డా దెబ్బ తగలదని దానికి నడక అక్కడే నేర్పారట ఆవిడ. నాకు ఫోనులో ఆ సంగతి చెప్పలేదు, కోప్పడతానని. కోప్పడేదాన్నే.

దారి పక్కన ఒకచోట ఆగి, వంగి, వేలితో చూపించారు. గులకరాళ్ళనుకున్నాను. గుడ్లు. ఇసుక రంగులోనే చుక్కలతో ఉన్నాయి. కాస్త దూరంలో చిన్న పిట్ట ఒకటి మా మీద కోపంగా అటూ ఇటూ పరిగెడుతోంది. గూడూ లేదు, పుల్లా లేదు, ఉత్త ఇసుకలో పెట్టేసింది.

"పిచ్చిదానా, ఏం ధైర్యమే నీకు!" అన్నారు ఆవిడ దానితో.

మూడోనాడు మళ్ళీ వెళితే అక్కడ టైరు చాలు ఉంది. సరిగ్గా గుడ్లున్న చోటి మీదుగా వెళ్ళింది. మట్టిలో నడిపే పెద్ద మోటారు సైకిళ్ళు వేసుకుని కుర్రవాళ్ళు సాయంత్రాలు వస్తున్నారని అప్పుడే తెలిసింది. జీతాలు పెరిగాయి, బళ్ళు పెరిగాయి, తోలడానికి ఇసుక దొరికింది. వదినగారు ఏడుస్తారనుకున్నాను. ఆవిడ కొంగు నడుముకు దోపి, సరుగుడు మండ విరిచి, ఆ చాలును చెరపడం మొదలుపెట్టారు.

"ఇప్పుడు చెరిపితే గుడ్లు వస్తాయా?"

"రావు. చాలు కనపడితే ఇంకొకడు దాని వెంట పోతాడు వదినా. వాని వెంట ఇంకొకడు. కనపడకుంటే పోడు."

అది నిజమని తర్వాత చాలాసార్లు చూశాను. ఒక్క చాలు వదిలేస్తే వారం తిరిగేలోగా అది బండి బాట అయ్యేది. వాన పడితే నీళ్ళు ఆ చాళ్ళలోనే పారి నేలను కోసేవి, గడ్డి వేళ్ళతో సహా లేచిపోయేది.

ఆ నేలను చూసుకునే మలయ్ అధికారి ఒకాయన సోమవారాలు వచ్చేవాడు. చెడ్డవాడు కాదు. వదినగారిని చూసి తల పంకించి, "ఆంటీ, వాకింగ్ ఓకే. టైర్ మార్క్ కెనాట్. నేను టైర్ మార్క్ చూశానా, గేట్ లాక్. ఎవ్రీబడీ ఫినిష్" అన్నాడు. సగం చేతులతో, సగం ఇంగ్లీషులో చెప్పిన ఆ మాట ఆవిడకు పూర్తిగా అర్థమైంది. బళ్ళవాళ్ళ కోసం గేటు మూస్తే నడిచేవాళ్ళకూ మూసినట్టే. బళ్ళను ఆపడం ఆవిడ చేతుల్లో లేదు. సోమవారానికి చాళ్ళు లేకుండా చెయ్యడం చేతుల్లో ఉంది.

ఊరినుంచి ఈనెల చీపురు తెప్పించుకున్నారు. ఆవిడ దాన్ని పొరక అనేవారు. శని, ఆదివారాల సాయంత్రం దాన్ని పట్టుకుని బస్సెక్కడం మొదలైంది. మా వియ్యపురాలు చీపురు పట్టుకుని సింగపూర్ బస్సుల్లో తిరగడం నాకు నచ్చలేదు. మానమంటే మానరు కనుక, పాత కర్టెను గుడ్డతో పొడుగాటి సంచీ కుట్టి, మూతికి తాడు పెట్టి ఇచ్చాను. ఆ బస్సు నడిపే చైనా ఆయన ఒకనాడు అడిగాడు: "ఆంటీ, వాట్ మ్యూజిక్ యూ ప్లే, ఆ?"

"యెస్ యెస్, మ్యూజిక్" అన్నారు ఈవిడ, ఏమాత్రం తడుముకోకుండా. పాప సీటులో దొర్లి దొర్లి నవ్వింది.

ఊడ్చడంలో ఆవిడకొక పద్ధతి ఉంది. వెనక్కి నడుస్తూ ఊడ్చేవారు. ఊడ్చాక ఆ ఇసుకను అలా వదిలేవారు కాదు. నున్నటి ఇసుక చూస్తే బండివాడికి చెయ్యి దురద పుడుతుందట. అందుకని పాపను పిలిచి, "పరిగెత్తు తల్లీ" అనేవారు. పాప చెప్పులు లేకుండా గేటు దాకా పరిగెత్తేది. దాని పక్కనే ఆవిడ నడిచేవారు. చిన్న అడుగులూ, పెద్ద అడుగులూ. ఇది నడిచే దారి అని చెప్పడానికి బోర్డు కంటే అవే మేలనేవారు.

మా ఇద్దరికీ గట్టిగా మాటామాటా వచ్చింది ఒక్కసారే. ఆ రోజు బయలుదేరడమే ఆలస్యం. ఎప్పటిలాగే ఆవిడ వల్ల. ఊడుస్తుండగానే గేటు దగ్గరి వీధి దీపాలు వెలిగాయి.

"చాలు వదినగారూ. దీపాలు పెట్టాక చీపురు ముట్టుకోకూడదు" అన్నాను.

"అది ఇంట్లో కదా! ఈడేముండాది పోయేకి?"

"ఎక్కడైనా అంతే. లక్ష్మీదేవి వచ్చే వేళ అది."

"ఇసుక మీదికి వస్తాదా ఆయమ్మ?"

"హాస్యాలొద్దు. నా కళ్ళముందు కుదరదు."

"లక్ష్మీదేవితో నేను మాట్లాడుకుంటాలే వదినా. మీరు బస్‌స్టాపులో కూర్చోండి."

నేను కదలలేదు. ఆవిడ నన్ను చూసి, ఇంకా మిగిలిన చాళ్ళను చూసి, నిట్టూర్చి పొరకను సంచీలో పెట్టేశారు. మర్నాడు నేను లేచేసరికే వెళ్ళి ఆ కాస్తా ఊడ్చి వచ్చారు. ఆ తర్వాత ఎన్నడూ వీధి దీపాలు వెలిగాక ఊడవలేదు. వంటకూ, గుడికీ, విమానానికీ ఆలస్యమయ్యే మనిషి, నా నియమం కోసం ఇసుకకు మాత్రం వేళకు బయలుదేరేవారు. ఆవిడ నాకిచ్చిన మర్యాదల్లో అది పెద్దది. పెళ్ళిలో పెట్టిన చీర కూడా దాని ముందు చిన్నదే.

ఇంకో సాయంత్రం బళ్ళు మేముండగానే వచ్చాయి. పాప ముందు చూసి, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర ఒక 'లా' తగిలించి అరిచింది: "అమ్మమ్మా, బైక్ అంకుల్స్ కమింగ్ లా!" వదినగారు పొరక పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డారు. ముందు బండివాడు బ్రేకు వేసి హెల్మెట్టు తీశాడు. తెలుగు కుర్రాడు. మా అబ్బాయి ఆఫీసులోనే పనిచేస్తాడు, మా ఇంట్లో రెండుసార్లు భోంచేశాడు.

"ఆంటీ, మీరా! పక్కకు జరగండి, తగిలితే పడిపోతారు."

"నేను పడను నాయనా. మీరే పడేటట్టుండారు. బోర్డు చదువుకోలేదా?"

వాడు నవ్వాడు. "నాలుగు భాషల్లో రాశారు ఆంటీ. తెలుగులో రాయలేదుగా!"

"అందుకే నన్ను పెట్టినారు" అన్నారు ఆవిడ.

వెనక బళ్ళవాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పిట్ట గుడ్ల సంగతి చెప్పారు. గేటుకు తాళం పడే సంగతి చెప్పారు. చివరికి, "ఆదివారం ఉగ్గాని, బజ్జీ చేస్తా. ఇంటికి రాండి. బళ్ళు మాత్రం ఈడికి తేవాకండి" అన్నారు. ఆదివారం వాళ్ళందరూ వచ్చి తిన్నారు. దీంతో అంతా బాగుపడిందని రాస్తే అబద్ధం. ఆ ముందు బండి కుర్రాడొక్కడే మానేశాడు. మిగతావాళ్ళు వేళ మార్చుకున్నారు.

నాకైతే విసుగొచ్చేది. ఎంత ఊడ్చినా వారానికి మళ్ళీ అంతే. ఎవరో తొక్కుతారు, మనం చెరపాలి. పైగా ఎప్పటికైనా ఆ నేల మీద ఏవో గోడౌన్లు కడతారు. ఆ మాటే అన్నానొకసారి.

"కట్టనీ. కట్టేదాకా ఉంటాది కదా" అన్నారు. "దారిని ఎవరూ వెయ్యలేదు వదినా ఈడ. నడిచినందుకు ఉండాది. మానితే పోతాది."

ఆ మాట ఆవిడ నాకోసం అన్నారనుకోను, అక్కడికి నడవడానికి వచ్చేవాళ్ళను చూసి అన్నారు. షిప్‌యార్డులో పనిచేసే మనవాళ్ళు ఆదివారాలు వచ్చేవారు. సముద్రం దాకా పోయి, చొక్కాలు విప్పి గాలికి కూర్చునేవారు. కరీంనగర్ వైపు అతను ఒకడు ఆవిడతో, "అమ్మా, వారమంత ఓడ కడుపులనే ఉంటం. ఇనుము, మంట, మోత. గీడ నడిస్తే గింత పానం లేసొస్తది" అన్నాడు. ఆవిడ బజ్జీల పొట్లం వాళ్ళ చేతిలో పెట్టేవారు. కారం సరిపోయిందని మెచ్చుకున్నది వాళ్ళొక్కరే.

నా వంతు వచ్చినప్పుడు పొరక నా చేతికి వచ్చేది. "అడుగుతాండా వదినా, మానొద్దు" అన్నారు మొదటిసారి వెళ్ళేటప్పుడు. ఒప్పుకున్న పని ఎగ్గొట్టే అలవాటు నాకు లేదు. పాపను వెంటబెట్టుకుని, బూట్లు వేసుకుని, దీపాలకు ముందే ఊడ్చి వచ్చేదాన్ని. నడుము నొప్పి పెట్టేది. సంతోషం ఉండేది కాదు. పాప ఒక్కతే పరిగెత్తేది. "నువ్వు బేర్ ఫుట్ నడవవా నాయనమ్మా? అమ్మమ్మ నడుస్తుంది" అనేది. "అమ్మమ్మకు అలవాటు" అనేదాన్ని.

ఒకసారి బాగా అలిసిపోయి, గేటు పక్కన గట్టు మీద మొహం ముడుచుకుని కూర్చుంటే, అప్పుడే విమానం దిగి అప్పగింతలకు వచ్చిన ఆవిడ నా పక్కన కూలబడి అన్నారు: "అలిసినారా? అలిసినట్టు కూర్చోండి. కోపంగా కూర్చుంటే ఇంకా అలుస్తారు." ఇప్పటికీ కూర్చునేటప్పుడు ఆ మాట గుర్తొస్తుంది. పాటించడం కష్టం.

అనంతపురం నుంచి ఫోను చేస్తే ముందు పాప సంగతి అడిగేవారు, తర్వాత కూతురి సంగతి. ఆ తర్వాత, కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని గొంతు తొందరపడుతుండగా, "గేటు తెరిచే ఉండాదా?" అనేవారు. ఉందనేదాన్ని. "సరే అయితే, ఉంటా" అనేవారు. ఆఖరుసారి మాట్లాడిందీ అదే. వచ్చే వారం కలుస్తాం కదా అని మిగతా మాటలన్నీ దాచుకున్నాం.

కబురు వచ్చిన రోజే అబ్బాయీ కోడలూ బయలుదేరి వెళ్ళారు. పాప పాస్‌పోర్టు మారుస్తున్నారు, ఇంకా చేతికి రాలేదు. అందుకని పాపా నేనూ ఇక్కడే ఉండిపోయాం. వెళ్ళేముందు కోడలు నా చేతులు పట్టుకుని, "అత్తయ్యా, ఈసారి మీరింకొన్నాళ్ళు..." అంటూ ఆగిపోయింది. వీసా పొడిగించమని అడగాలి. పొడిగించినా ఎన్నాళ్ళు? నా తర్వాత దిగడానికి ఇంక ఎవరూ లేరు. వంతు అంటే రెండోవారు ఉన్నప్పుడే వంతు. ఇప్పుడిది ఉత్త పని. నాకూ వయసైంది. ఆవిడకంటే నేనే పెద్దదాన్ని.

శనివారం మధ్యాహ్నం పాప వచ్చి నా మంచం పక్కన నిలబడింది. ఇప్పుడది ఒకటో తరగతి.

"నాయనమ్మా, టుడే సాటర్‌డే కదా. సాండ్ ప్లేస్‌కి గో లా."

"ఇవాళ వద్దమ్మా. ఓపిక లేదు."

"మండే ఆ అంకుల్ వస్తే? గేట్ లాక్ చేస్తే?"

లేచాను. తలుపు వెనకనుంచి సంచీ తీశాను. బస్సులో ఆ చైనా ఆయనే ఉన్నాడు. "వేర్ అదర్ ఆంటీ?" అన్నాడు. "నాట్ కమింగ్" అన్నాను. "నెక్స్ట్ మంత్?" అన్నాడు. తల ఊపి వెళ్ళి కూర్చున్నాను.

ఆ వారం బళ్ళు పెద్ద గుంపుగా వచ్చినట్టున్నాయి. గేటు నుంచి సముద్రం దాకా చాళ్ళే. సముద్రం వైపునుంచి మొదలుపెట్టి, ఆవిడలాగే వెనక్కి నడుస్తూ ఊడ్చాను. మధ్యమధ్య ఆగి నడుము పట్టుకున్నాను. పాప సరుగుడు మండతో తనకు చేతనైనంత చెరిపింది. గేటు కాస్త దూరంలో ఉండగా వీధి దీపాలు వెలిగాయి. మిగిలినవి గేటు ముందు చాళ్ళు. ఆ అధికారి గేటు దాటకుండానే చూడగలిగినవి.

"నాయనమ్మా, లైట్స్ ఆన్ ఆల్‌రెడీ. స్టాప్ చెయ్యి."

"చూశానమ్మా."

చీపురు చేతిలోనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆ వేళ దాన్ని ముట్టుకోలేదు. నా కూతుళ్ళను ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే వచ్చి ఊడ్చిపోదామంటే, ఈ నడుముతో మళ్ళీ రాగలనన్న నమ్మకం లేదు. వంగి ఊడ్చాను.

పాప దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "లక్ష్మీ గాడ్ యాంగ్రీ అవదా?"

"అమ్మమ్మ అక్కడే ఉందిగా. మాట్లాడుకుంటానంది."

గేటు దాకా అయింది. చీపురు దులిపి సంచీలో పెట్టాను. సోమవారం తాళం పడలేదు, ఇది రాసే నాటికీ పడలేదు. ఆ సాయంత్రం మాత్రం అదేమీ తెలియదు. ఎదురుగా దీపం వెలుగులో ఈనెల గీతలతో ఇసుక నున్నగా పడుంది.

"పరిగెత్తు తల్లీ" అన్నాను.

పాప చెప్పులు వదిలేసి కాస్త దూరం లోపలికి, ఊడ్చిన దాని అంచు వెంబడే వెళ్ళి, అక్కడినుంచి నా వైపు పరిగెత్తుకొచ్చింది. సగం దారిలో ఆగి వెనక్కి తిరిగి చూసుకుంది. దాని చిన్న అడుగులు ఒక్క వరుసలో ఉన్నాయి, పక్కన ఏమీ లేదు. మళ్ళీ నా వైపు తిరిగి, నా బూట్ల వంక చూసింది.

గట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పాను. మేజోళ్ళు తీసి బూట్లలో దోపాను. లేచి కాలు పెట్టాను. పొద్దు పోయినా ఇసుక ఇంకా వెచ్చగానే ఉంది.